కోల్బీ వంతు

బుధవారం సాయంత్రం ప్రాక్టీసుకని వచ్చి కారు దిగిన దీక్షిత్‌కి గేటు పక్కన కంచెకి కట్టిన బ్యానరు మీద తన మొహమే ఎదురైంది. నిలువెత్తు బ్యానరు. బ్యాట్‌ని భుజం వెనక్కి తిప్పి, పళ్ళు బిగబట్టి, ఎటో పైకి చూస్తున్నాడు. ఫొటో పాతది. అప్పటికి నుదురు ఇంత వెనక్కి జరగలేదు, గడ్డంలో తెలుపు లేదు. కింద పసుపు అక్షరాలతో ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసి ఉంది: 'ఇండియా డే. ఆదివారం. మన దీక్షిత్ ఆట చూద్దాం రండి.' ఉత్తరపు వేడిగాలికి బ్యానరు ఉబ్బుతూ అణుగుతూ ఉంటే బొమ్మలోని మనిషి ఎగశ్వాస తీస్తున్నట్టుంది.

"అన్నా, ఎట్లుంది? మస్తుగ వచ్చింది గదా!" అంటూ గీతిక కంచె అవతలి నుంచి తొంగి చూసింది. ఆమె క్లబ్బులో టికెట్ల అమ్మకం, ప్రచారం చూస్తుంది. వరంగల్ నుంచి చదువుకి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్న పిల్ల.

"బానే ఉంది. కానీ గీతికా, క్రిస్మస్ నుంచీ నేను బెంచి మీదే ఉన్నాను కదా."

"కోచ్ గ్లెన్‌కి చెప్పిన అన్నా. ఇండియా డే నాడు నువ్వు ఆడకుంటే ఎట్ల? 'వీల్ సీ' అన్నడు. అంటే ఆడిస్తడు గదా?"

దీక్షిత్ నవ్వాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు, ఈ దేశంలోనే మరో నగరం పక్కనున్న టూంగాబీలో అమ్మానాన్నల ఇల్లు వదిలి బేస్‌బాల్ ఆడటానికి బయల్దేరినవాడు ముప్ఫై అయిదేళ్ళు వచ్చేదాకా ఎన్నో దేశాల్లో, ఎందరో కోచ్‌ల నోట విన్న మాట అది.

మైదానంలో అందరికన్నా దూరంగా నిలబడేవాళ్ళు ఔట్‌ఫీల్డర్లు. అందులో ఎడమ మూల దీక్షిత్‌ది. అక్కడి నుంచి చూస్తే బ్యాట్ పట్టుకున్నవాడు బొటనవేలంత కనిపిస్తాడు. బంతి బ్యాట్‌కి తగలడం ముందు కంటికి తెలుస్తుంది, చప్పుడు ఆ తర్వాత చెవికి అందుతుంది. ఈలోపే కాళ్ళు కదిలిపోవాలి. పక్కన మాట్లాడే మనిషి ఉండడు కనక ఆ మూలలో నిలబడి తనలో తను తెలుగులో గొణుక్కోవడం అతనికి అలవాటు. 'ఎడమకి జరుగు. ఇంకొంచెం. వీడు అటే కొడతాడు.'

ఇప్పుడు ఆ మూల కోల్బీది. ఓక్లహోమా కుర్రాడు, ఇరవై రెండేళ్ళవాడు. అమెరికాలో ఒక పెద్ద క్లబ్బు తమ దగ్గరున్న కుర్రాళ్ళలో ఒకణ్ణి, అక్కడి చలికాలమంతా ఖాళీగా కూర్చోకుండా, ఇక్కడి ఎండాకాలంలో ఆడమని పంపింది. ప్రతి ఆటా మొదటి నుంచీ ఆడించాలనీ, ఎడమ మూలలోనే నిలబెట్టాలనీ వాళ్ళ షరతు.

ప్రాక్టీసులో ఇద్దరూ ఒకే చోట నిలబడి ఒకరి తర్వాత ఒకరు బంతులు పట్టారు. ఎత్తుగా లేచిన బంతి కిందికి కోల్బీ నడుచుకుంటూ వెళ్ళినట్టు వెళ్తున్నాడు. అదే బంతికి దీక్షిత్ పరుగెత్తాల్సి వస్తోంది. ఒకసారి మోకాలి వెనక నరం పట్టేస్తే, వంగి బూటు తాడు సరిచేసుకుంటున్నట్టు కాసేపు అలాగే ఉండిపోయాడు.

"డిక్సీ, గేటు దగ్గర బ్యానర్ మీద ఉన్నది ఎవరు?" అన్నాడు కోల్బీ ఇంగ్లీషులో. జట్టులో అందరూ దీక్షిత్‌ని అలాగే పిలుస్తారు.

"మా తమ్ముడు."

కోల్బీ పగలబడి నవ్వాడు. మంచి కుర్రాడే. అదే కష్టంగా ఉంది దీక్షిత్‌కి.

శుక్రవారం మధ్యాహ్నం తను పని చేసే వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ దిగి, రిఫ్లెక్టర్ చొక్కా అయినా విప్పకుండా గ్రౌండుకి వెళ్ళాడు. కోచ్ గ్లెన్ గొట్టం పట్టుకుని బంతి విసిరే పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బని తడుపుతున్నాడు. ఆ క్లబ్బులో కోచ్ చేసే పనులకి అంతులేదు.

"ఆదివారం సంగతి అడుగుదామని వచ్చాను," అన్నాడు దీక్షిత్.

గ్లెన్ నీళ్ళ ధార మీంచి చూపు తిప్పలేదు. "మేట్, నీ దగ్గర దాచడమెందుకు. కుర్రాణ్ణే ఆడించాలి. వాళ్ళ మాట అది. నువ్వు కాస్త ముందుగా వచ్చి గేటు దగ్గర నిలబడు. ఫొటోలు, సంతకాలు. గీతిక ఏదో తలపాగా తెప్పించిందట. ఆట ఒక దారికి వచ్చాక చూద్దాం."

"నో వర్రీస్," అన్నాడు దీక్షిత్.

అనడం అయిపోయాక, ఇంకేదైనా అని ఉండాల్సిందేమో అనుకున్నాడు. బస్సులో పడుకోమన్నా, ఎవరికో దెబ్బ తగిలితే రాత్రికి రాత్రి వేరే ఊరు వెళ్ళమన్నా ఇన్నేళ్ళూ ఆ రెండు మాటలే అంటూ వచ్చాడు. 'సరేనంటాడు, గొడవ పెట్టుకోడు' అనే మంచిపేరు మీదనే సగం చోట్ల పని దొరికింది.

ట్రుగనీనాలో ఇల్లు చేరేసరికి గ్యారేజీ తలుపు ఎత్తి ఉంది. లోపల శేషుకుమారి గంగాళంలో చింతపండు పిసుకుతోంది. ఆమె ఇంట్లో ముందు గది దీక్షిత్‌ది. భర్త పోయాక ఆమె గ్యారేజీని వంటశాలగా మార్చుకుని చుట్టుపక్కల తెలుగువాళ్ళకి భోజనాలు పంపుతోంది. సొంతూరు తెనాలి. మాటలో ఆ ఊరు ఇంకా పోలేదు.

"వచ్చావా అబ్బాయ్? రెండొందల పొట్లాలు పులిహోర. నా దగ్గర కూర తీసుకునేవాళ్ళందరికీ టికెట్లు అంటగట్టా. మా అబ్బాయి ఆట, రాకపోతే సోమవారం నుంచి పప్పు పల్చగా పోస్తానని చెప్పా."

"ఆంటీ..."

"ఎన్నింటికిరా నీ వంతు? మొదట్లోనే వస్తుందా? పిల్లలు గోల పెట్టకముందే వస్తే బాగుండు."

"ఆంటీ, నన్ను ఆడించకపోవచ్చు."

ఆమె చేతులు గంగాళంలో ఆగాయి. "ఆడించకపోవడమేంది? బొమ్మ నీదేగా వేసింది?"

దీక్షిత్ గోడకి ఆనుకున్నాడు. "అమెరికా కుర్రాడొకడున్నాడు. వాణ్ణి ఆడించాలట."

"అయితే వాడి బొమ్మే వేసుకోవాల్సింది," అని ఆమె మళ్ళీ చింతపండు పిసకడం మొదలుపెట్టింది, ఇందాకటికన్నా గట్టిగా.

ఆదివారం ఎండ మొహం మీద కొట్టింది. ఆల్టోనా వైపు నుంచి సముద్రపు గాలి వస్తుందని అందరూ చెప్పుకుంటున్నారుగానీ అది వచ్చేసరికి ఆట అయిపోయేలా ఉంది. దీక్షిత్ నారింజ రంగు తలపాగా, ప్లాస్టిక్ బంతిపూల దండ వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. డోలు వాయిస్తున్నారు. జనం నిజంగానే వచ్చారు, ఎక్కడో దూరాన క్వేకర్స్ హిల్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక కుటుంబంతో సహా.

"బ్యాటరా, బౌలరా మీరు?" అని చేయి కలిపాడు తెలుగు సంఘం పెద్ద విజయభాస్కర్.

"ఫీల్డరండీ. అందరూ బ్యాటింగ్ చేస్తారు. నేను నిలబడేది అదిగో, ఆ మూల."

"బౌండరీ దగ్గరా? అబ్బో, హాయి. నీడలో నిలబడొచ్చు."

అక్కడ నీడ లేదు. అయినా దీక్షిత్ నవ్వి, ఆయన మనవరాలి టోపీ మీద సంతకం చేశాడు. ఆ పిల్ల టోపీ తిప్పి చూసుకుని, "ఆర్ యూ ఫేమస్?" అంది.

"నో."

"ఓకే," అని ఆ పిల్ల ఐస్‌క్రీం వైపు వెళ్ళిపోయింది.

ఆట మొదలయ్యాక తలపాగా తీసి, జట్టు కూర్చునే డగౌట్‌లో బెంచి చివర కూర్చున్నాడు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆట. రెండో ఇన్నింగ్స్ దాకా స్టాండ్ నుంచి 'దీక్షిత్, దీక్షిత్' అని కేకలు వినిపించాయి. బెంచి మీద పక్కవాళ్ళు మోచేత్తో పొడిచి నవ్వారు. నాలుగో ఇన్నింగ్స్‌కి పేరు పిలవడం మానేశారు. బ్రిస్బేన్ జట్టు పరుగుల మీద పరుగులు చేసింది. కోల్బీ మూడుసార్లు బ్యాటింగ్‌కి వచ్చాడు. మూడుసార్లూ బంతి చెంపదెబ్బ లాంటి చప్పుడుతో లేచింది, మూడుసార్లూ సరిగ్గా ఎవరో ఒకరి గ్లవ్‌లోకే పోయింది. మూడోసారి తిరిగొచ్చి దీక్షిత్ పక్కన కూలబడి, "వాడి ఎత్తు పట్టేశాను డిక్సీ. ఈసారి వాడు లోపలికి వేస్తాడు చూడు," అన్నాడు పిచ్చర్ మీంచి చూపు మరల్చకుండా.

ఏడో ఇన్నింగ్స్‌లో కార్లు కదలడం మొదలైంది. ఎండకి పిల్లలు సోలిపోయారు. శేషుకుమారి చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని డగౌట్ కంచె దగ్గరికి వచ్చింది.

"ఏం అబ్బాయ్, నీ వంతు రాలేదా ఇంకా?"

"ఇవాళ లేనట్టే ఆంటీ. ఎండలో ఉండకు, ఇంటికెళ్ళు."

ఆమె అతని వైపు చూడలేదు. గ్లెన్ వైపు చూసింది. "సర్! హలో, సర్! వన్ టైమ్. ఓన్లీ వన్ టైమ్. హి ఈజ్ అవర్ బాయ్."

బెంచి మీదివాళ్ళంతా అటు తిరిగారు. గ్లెన్ టోపీ అంచు ముట్టుకుని మర్యాదగా తలూపాడు. దీక్షిత్ తన బూట్ల మేకుల మధ్య ఇరుక్కున్న మట్టిని గోరుతో తీస్తూ ఉండిపోయాడు. ఆమె వెళ్ళిపోయిందో లేదో తల ఎత్తి చూడలేకపోయాడు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌కి జట్టు గెలిచే ఆశ లేదు. ఇద్దరు ఔటయ్యారు, ఇంకొక్కరు ఔటయితే ఆట అయిపోతుంది. తర్వాత వంతు కోల్బీది. హెల్మెట్ పెట్టుకుని, చేతుల గ్లవ్స్ బిగించుకుని, బ్యాట్‌తో గాలిని కొడుతూ బయట నిలబడి ఉన్నాడు.

"డిక్సీ," అన్నాడు గ్లెన్. "బ్యాట్ తీసుకో. కుర్రాడి బదులు నువ్వు వెళ్ళు. మీవాళ్ళు మధ్యాహ్నం నుంచీ కాచుకున్నారు పాపం. ముందు ఒకసారి చెయ్యి ఊపు."

కోల్బీ వెనక్కి తిరిగి చూశాడు. ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత పక్కకి తప్పుకున్నాడు.

"నో వర్రీస్," అన్నాడు దీక్షిత్.

అతను బయటికి నడుస్తుంటే డోలు మళ్ళీ మోగింది. చెయ్యి ఊపాడు. మిగిలినవాళ్ళు లేచి నిలబడ్డారు. మొదటి బంతి వదిలేశాడు. రెండోది లోపలికి వచ్చింది, మోచేతుల దగ్గరికి. చేతులు దగ్గరికి లాక్కుని ఎలాగో తోశాడు. బ్యాట్ పిడి దగ్గర తగిలి బంతి ముసలి పావురంలా లేచి, రెండో బేస్ వెనక పచ్చికలో ఎవరూ లేని చోట పడింది. పరుగెత్తి, ఔట్ కాకుండా మొదటి బేస్ చేరి నిలబడ్డాడు. స్టాండ్‌లో శేషుకుమారి ఎగురుతోంది, విజయభాస్కర్ టోపీ తిప్పుతున్నాడు. గొప్ప దెబ్బేమీ కాదని అక్కడ ఎవరికీ తెలియదు. తెలిసిన దీక్షిత్ కూడా ఇంకోసారి చెయ్యి ఊపాడు, ఈసారి ఎవరూ చెప్పకుండానే. ఇన్నేళ్ళలో తన భాషలో ఎవరూ తన కోసం అరవలేదు.

తర్వాతివాడు మొదటి బంతికే ఔటయ్యాడు. ఆట ముగిసింది. దండలు వేసి ఫొటోలు తీశారు. జనం మధ్యలోంచి చూస్తే కోల్బీ డగౌట్ మెట్టు మీద నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. చేతుల గ్లవ్స్ ఇంకా విప్పలేదు.

మంగళవారం ప్రాక్టీసుకి వెళ్ళేసరికి డ్రెస్సింగ్ రూంలో కోల్బీ అల్మరా తెరిచి ఉంది. లోపల హ్యాంగరు తప్ప ఏమీ లేదు.

"పొద్దున్నే వాళ్ళ క్లబ్బు నుంచి ఫోన్," అన్నాడు గ్లెన్. "ఒప్పందం తెంచేసి వదిలేశారు వాణ్ణి. సాయంత్రం విమానం. గురువారం నుంచి ఎడమ మూల నీది మేట్. సీజన్ అయ్యేదాకా ప్రతి ఆటా, మొదటి నుంచీ."

దీక్షిత్‌కి ముందు సంతోషమే వేసింది. ఒళ్ళంతా పాకింది అది. ఆ తర్వాతే కిటికీలోంచి, పార్కింగ్‌లో సంచి మీద కూర్చున్న కుర్రాడు కనిపించాడు.

"వాణ్ణి ఎయిర్‌పోర్టులో దింపి రాగలవా?" అన్నాడు గ్లెన్.

రింగ్‌రోడ్డు మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. కోల్బీ బ్యాట్ల సంచి వెనక సీట్లో పట్టక, ఇద్దరి మధ్య నుంచి ముందుకి పొడుచుకొచ్చింది.

"ముందే చెప్పారా నీకు?" అని అడిగాడు దీక్షిత్ చివరికి.

"వారం చివరిదాకా చూసి చెప్తామన్నారు. నేను ఎవరికీ చెప్పలేదు. శనివారం రెండు కొట్టాను కదా. ఆదివారం ఒకటి తగిలినా చాలనుకున్నాను. వాళ్ళ మనిషి అక్కడ రాత్రంతా కూర్చుని ఆట చూశాడట, కంప్యూటర్లో."

దీక్షిత్ స్టీరింగ్ మీద చేతులు మార్చుకున్నాడు. 'ఈసారి వాడు లోపలికి వేస్తాడు చూడు.' లోపలికే వేశాడు.

"ఆ చివరి వంతు నీది," అన్నాడు.

"నీ తప్పు కాదు. వాళ్ళు ముందే అనేసుకుని ఉంటారు."

ఉండొచ్చు. లేకపోనూవచ్చు. ఒక్క దెబ్బ మీద ఆగిన నిర్ణయాలు దీక్షిత్ చూశాడు, ముందే అయిపోయి ఊరికే ఆలస్యంగా చెప్పినవీ చూశాడు. ఏది ఏదో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. శుక్రవారం నుంచీ తనకి అన్యాయం జరిగిందనే ఒక్క మాట నమలుతూ తిరిగాడు. ఆ బెంచి మీదే, తన పక్కనే, ఒకడు ఆఖరి అవకాశం కోసం గ్లవ్స్ బిగించుకుంటున్నాడని తెలియలేదు. అడిగితే కదా తెలిసేది.

"నువ్వెలా ఆడుతూ ఉండిపోయావు డిక్సీ? నిన్నూ వదిలేశారుగా అమెరికాలో?"

"ఎవరో ఒకరు ఫోన్ చేస్తూ వచ్చారు. నేను సరేనంటూ వచ్చాను. అంతే."

"నాకు ఎవరు చేస్తారు?" అన్నాడు కోల్బీ. వేళాకోళంగా మొదలుపెట్టినవాడు చివరికి కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఎయిర్‌పోర్టు మలుపుకి ముందు పెట్రోల్ బంకులో దీక్షిత్ కారు ఆపాడు. "ఒక్క నిమిషం," అని దిగి, టైర్లకి గాలి కొట్టే యంత్రం పక్కకి వెళ్ళి ఫోన్ తీశాడు. ప్రతి ఏప్రిల్లోనూ అతను దక్షిణ జర్మనీలో ఒక చిన్న ఊరి జట్టుకి ఆడటానికి వెళ్తాడు. ఆ జట్టు పెద్ద డీటర్‌కి రొట్టెల దుకాణం ఉంది. అక్కడ ఇప్పుడు తెల్లవారుతూ ఉంటుంది, ఆయన నిద్ర లేచి చాలాసేపై ఉంటుంది.

"డిక్సీ!" ఆయన గొంతు వెనక పళ్ళేల చప్పుడు. "నేనే చేద్దామనుకుంటున్నా. ఈ ఏడు బయటివాళ్ళకి ఒక్క చోటే మిగిలింది. నీకే అట్టిపెట్టాను. నీ సైకిలుకి కొత్త చక్రం కూడా వేయించా. వస్తున్నావుగా?"

దీక్షిత్ నోరు తెరిచాడు. 'నో వర్రీస్' అనే ఆ రెండు మాటలూ నాలుక మీదే ఉన్నాయి. దుకాణం మీది గది గుర్తొచ్చింది. వేకువన మెట్ల మీంచి పైకొచ్చే రొట్టెల వాసన, ఆదివారం ఆట అయ్యాక బల్లలు కలిపి వేసుకుని ఆ ఊరివాళ్ళు తన వీపు మీద చరిచే చరుపు. అది లేకపోతే ఏప్రిల్ నుంచి అతనికి మరే ఊళ్ళోనూ చోటు లేదు. ఈ వయసులో ఒక ఏడు మానేసినవాణ్ణి ఆ మరుసటి ఏడు ఎవరూ తలుచుకోరు.

కారు అద్దంలోంచి కోల్బీ కనిపిస్తున్నాడు. మోకాళ్ళ మధ్య సంచి పెట్టుకుని, ఎదురుగా కారు కడిగే యంత్రం తిరుగుతుంటే చూస్తున్నాడు.

"డిక్సీ? ఉన్నావా?"

"ఉన్నాను. డీటర్, నేను కాదు. నా దగ్గర ఒక కుర్రాడున్నాడు. ఎడమ మూల. కాళ్ళు బాగున్నాయి. నాకన్నా చాలా బాగా ఆడతాడు."

అటువైపు పళ్ళేల చప్పుడు ఆగింది. "నీకేమైంది?"

"ఏం కాలేదు. వాణ్ణి తీసుకో."

"నువ్వు రాకపోతే మా పిల్లలకి ఎవరు నేర్పుతారు?"

"వాడే నేర్పుతాడు. మంచివాడు."

తిరిగి వచ్చి కారు స్టార్ట్ చేస్తూ విషయం చెప్పాడు. కోల్బీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. గది ఎలా ఉంటుంది, ఇంగ్లీషు వచ్చా వాళ్ళకి, బంతులు ఎలా వేస్తారు. దీక్షిత్ అన్నిటికీ జవాబు చెప్పాడు. సోమవారాలు మాత్రం ఊరు మూసేసినట్టుంటుందనీ, ఆ రోజు ఏదైనా పని పెట్టుకోమనీ చెప్పాడు.

"నువ్వూ ఉంటావుగా అక్కడ?"

"లేదు. ఇక్కడ పనుంది."

దింపే చోట కోల్బీ సంచులు భుజానికెత్తుకుని ఒంటి చేత్తో అతన్ని గట్టిగా కావలించుకుని, గాజు తలుపుల్లోకి వెళ్ళిపోయాడు. దీక్షిత్ అక్కడే నిలబడ్డాడు. ఏదో పెద్ద పని చేశానన్న భావమేమీ కలగలేదు. ఆఖరి బంతి అయిపోయాక అందరూ లోపలికి వెళ్తుంటే మైదానం చివర మిగిలిపోయినట్టుంది. వెనక బండివాడు హారన్ కొట్టాక కదిలాడు.

ఇల్లు చేరేసరికి శేషుకుమారి వాకిట్లో గొట్టంతో గంగాళాలు కడుగుతోంది.

"గీతిక ఫోన్ చేసింది. గురువారం నుంచి ఆట మొత్తం నీదేనంట కదా! నే చెప్పా చూడు, ఒక్కసారి అడిగితే తప్పేంది?" అని, అతని మొహం చూసి ఆగింది. "ఏమైందిరా?"

"ఏం లేదు ఆంటీ. ఆ కుర్రాడు వెళ్ళిపోయాడు. దింపొచ్చా."

"అయ్యో. తిన్నాడా ఏమన్నా?"

అది తను అడగలేదని దీక్షిత్‌కి అప్పుడు తోచింది. "విమానంలో పెడతారులే."

ఆమె కాసేపు గంగాళం తోమింది. "మరి నీ ప్రయాణం ఎప్పుడు? ఏప్రిల్ మొదట్లోనా? గది ఖాళీ అయితే చదువుకునే పిల్ల ఒకతి అడుగుతోంది, నాలుగు నెలలకి. అందుకని."

"పోవడం లేదు ఆంటీ. ఇక్కడే ఉంటాను."

ఆమె కుళాయి కట్టేసింది. "చలికాలం అంతానా?"

"అంతా."

ఎందుకని అడుగుతుందేమోనని అతను ఎదురుచూశాడు. ఆమె అడగలేదు. తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికి నడిచి, ముందు గది తలుపు తీసింది. అతను వెనకే వెళ్ళాడు.

"ఈ గదికి హీటర్ లేదురా అబ్బాయ్. నువ్వెప్పుడైనా చలికాలం ఉన్నావా ఇక్కడ?"

దీక్షిత్ ఆలోచించాడు. ఇక్కడ ఎండాకాలం అయిపోగానే అక్కడి ఎండాకాలానికి, అక్కడిది కాగానే ఇక్కడికి. చలికాలం ఎక్కడ గడిపాడో గుర్తు రాలేదు.

"లేదు ఆంటీ," అన్నాడు.

ఆమె కిటికీ చట్రం అంచు వెంట అరచేయి మెల్లగా జరిపి చూసింది. "ఇదిగో, ఇక్కణ్ణుంచి కొడుతుంది గాలి. జూన్ చలి వచ్చిందంటే నీ తల సరిగ్గా దాని కిందే ఉంటుంది. మంచం ఆ గోడకి జరపాలి."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడు జరిపితే ఏం పోయింది? పట్టు, ఆ పక్క పట్టు."

అతను వంగి మంచం కోడు పట్టుకున్నాడు.